పదకొండు సాళ్ల మక్క

మా నాయన తాటిచెట్లు ఎక్కి మమ్మల్ని పెంచాడు. నేను నీళ్ల ట్యాంకు ఎక్కి బతుకుతున్నాను. కోరుట్ల నుంచి ముత్యంపేట వైపు పోయే దారిలో ఉంటుంది మా ఊరు. పంచాయతీలో నల్లా నీళ్లు వదిలే పని నాది. పొద్దున్నే బకెట్లో బ్లీచింగ్ పౌడర్ కలుపుకుని, ఇనుప నిచ్చెన ఎక్కి ట్యాంకులో పోసి, కిందికి దిగి వాల్వు తిప్పుతాను. కాసేపట్లో ఊరంతా బిందెల చప్పుడు మొదలవుతుంది. వానాకాలంలో ఎవరికి విరేచనాలు పట్టుకున్నా ముందు నన్నే నిలదీస్తారు కాబట్టి, ఆ మూడు నెలలూ పౌడర్ ఒక గుప్పెడు ఎక్కువే వేస్తాను. చిన్న కొలువే, కానీ దాంట్లో నాకు వంక పెట్టేవాడు లేడు.

మా అన్న నాకంటే ఆరేళ్లు పెద్ద. మస్కట్‌లో కట్టే భవనాలకు ఇనుప సలాకలు వంచి కడతాడు. పన్నెండేళ్లుగా అదే పని. ఎండలో వంగి వంగి నడుము చెడిపోయింది. వీడియో కాల్‌లో మాట్లాడుతూ మధ్యలో లేవాల్సి వస్తే, పై మంచం కోడు పట్టుకుని, పళ్లు బిగబట్టి లేస్తాడు. మేము గమనించడం లేదనుకుంటాడు. మా వదిన అప్పుడు ఫోను నా చేతికిచ్చి పొయ్యి దగ్గరికి పోతుంది.

ఆ ఎండాకాలం అన్న నాకు విడిగా ఫోను చేశాడు. వదిన పక్కన లేదు కదా అని అడిగి, లేదన్నాక చెప్పాడు.

"తమ్మీ, నడుం ఇగ పనిచేస్తలేదు. అగ్రిమెంటు దసరకు అయిపోతది. ఇంకో రెండేండ్లకు సంతకం పెట్టుమంటున్నరు. ఆ భూమి నన్ను సాదుతదా, సాదదా? ఒక్క ముచ్చట ఖరారు చెప్పు."

నేను ముందూ వెనకా చూసుకునే మనిషిని కాను. సాదుతది, నువ్వు సంతకం పెట్టకు, ఈ వానాకాలం మక్క చూసి వచ్చెయ్యి అన్నాను. సరేనన్నాడు. అంత బరువైన మాటను అంత తేలిగ్గా ఎట్లా అనేశానని ఫోను పెట్టేశాక గాని నాకు దడ పుట్టలేదు.

ఎందుకంటే అన్న భయం ఊరికే పుట్టింది కాదు. మా రెండున్నర ఎకరాల్లో ఒకప్పుడు చెరుకు పండేది. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మక్కకు, అంటే మొక్కజొన్నకు మారాం. ఏడాదికేడాది యూరియా పెంచుకుంటూ పోయాం, కంకి మాత్రం చిన్నదవుతూ వచ్చింది. దున్నితే మట్టి పొడి కాకుండా పెళ్లలు పెళ్లలుగా లేచేది. వానపాము కనబడి ఎన్నేళ్లయిందో గుర్తు లేదు. బస్తా చల్లిన నాలుగు రోజులు ఆకు నవ్వేది, తర్వాత మళ్లీ మొహం వేలాడేసేది. అటువంటి భూమిని నమ్ముకుని నడుము విరిగిన మనిషిని రమ్మన్నాను.

ఏం చెయ్యాలో తెలియక తిరుగుతుంటే జగిత్యాలలో రైతులకు మీటింగ్ ఉందని తెలిసి పోయాను. అక్కడ ఒక వ్యవసాయ అధికారిణి నల్లటి పొడి ప్యాకెట్లు, చిన్న సీసాలు చూపించింది. జీవన ఎరువులట. వాటిలో కంటికి కనబడని ప్రాణులుంటాయి. కొన్ని గాలిలోని నత్రజనిని పట్టి మక్క వేరుకు ఇస్తాయి, కొన్ని మట్టిలో గడ్డకట్టి ఉన్న భాస్వరాన్ని కరిగిస్తాయి. పేడ, ఆవు పంచితం, బెల్లం, శనగపిండి కలిపిన నీళ్లలో వాటిని మూడు రోజులు పెంచి సాళ్లలో పోస్తే, చచ్చిన మట్టి మెల్లగా లేస్తుందట. మొదటి ఏడాది యూరియా సగానికి తగ్గించండి, తొందరపడి మొత్తం ఆపకండి అని కూడా చెప్పింది. చివరన ఒక మాట అంది. ఇవి మందులు కావు, ప్రాణమున్నవి, ప్రాణమున్నవాటిని ఎట్లా చూసుకుంటారో అట్లా చూసుకోండి అంది.

దుకాణంలో ఆ ప్యాకెట్లు, సీసాలు కొనుక్కుని, ఆ ఆఖరి మాటను కూడా ఇంటికి తెచ్చి వదినకు చెప్పాను. వదిన దాన్ని తు.చ. తప్పకుండా పట్టుకుంది.

మా ఊళ్లో ఆవులు లేవు, అందరివీ ట్రాక్టర్లే. వదిన పుట్టిల్లు సిరిసిల్ల వైపు, చందుర్తి దగ్గర. అక్కడ వాళ్లమ్మకు రెండు నాటు ఆవులున్నాయి. వదిన పోయి పేడ, పంచితం రెండు డబ్బాల్లో నింపి, మూతలకు గుడ్డలు కట్టి, బస్సులో తెచ్చింది. కండక్టరు ముక్కు పట్టుకుని ఇదేందమ్మా అంటే, మా ఆయనను ఇంటికి తెచ్చే మందు అని చెప్పిందట. ఆ మాట నాకు నవ్వుతూనే చెప్పింది గాని, నాకు నవ్వు రాలేదు. తన మొగుడి నడుము సంగతి ఆమెకు ముందే తెలుసని అప్పుడర్థమైంది.

వాకిట్లో రేకుల నీడన నీలం డ్రమ్ము పెట్టింది. దానికి పసుపు బొట్టు పెట్టింది. నీళ్ల దగ్గరికొచ్చేసరికి పొలంలో బావి ఉంది కదా, అక్కడే కలుపుదామని నేనంటే ఒప్పుకోలేదు.

"బాయిల పాచి ఉన్నది, కప్పలున్నయి. ప్రాణమున్నయి అంటివి గద. మనం తాగే నీళ్లే పోద్దాం."

నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. నేను వదిలే నీళ్లు, నా చేతి నీళ్లు, అన్నను ఇంటికి తెచ్చే పనికి పోతున్నాయనుకున్నాను. తెల్లవారి ట్యాంకు దిగి వాల్వు తిప్పి, ఉరికినట్టే ఇంటికొచ్చి, మొదటి ధార మొత్తం డ్రమ్ములోకే పట్టించాను. వదిన సీసా మూత తీసి పోసింది. పొద్దున, సాయంత్రం కర్రతో తిప్పింది. తిప్పేటప్పుడు చెప్పులు కూడా విడిచేది.

ఒక్క డ్రమ్ము చాలదని రెండోది కూడా తెచ్చాం. అదే రోజు నేను కొండగట్టుకు కాలినడకన బయల్దేరాను. అన్న వస్తే ఇద్దరం కలిసి కొండెక్కుతామని అంజన్నకు మొక్కుకున్నాను. పోయి రావడానికి రెండు రోజులు పట్టింది. నేను లేకపోతే ట్యాంకు ఎక్కేవాడు లేడు, ఊరికి నల్లా రాలేదు, జనం నన్ను నోటికొచ్చినట్టు తిట్టుకున్నారు. వదిన ఏం చేస్తుంది, రెండో డ్రమ్మును బావి నీళ్లతోనే నింపింది. బిందెతో మోసి నింపింది.

నేను తిరిగొచ్చేసరికి రెండో డ్రమ్ము నురగ కక్కుతోంది. వాకిలంతా పులిసిన కంపు. మొదటిది మాత్రం ఎట్లా పోశామో అట్లాగే ఉంది, నురగ లేదు, వాసన లేదు. చూసినవా, మంచినీళ్లు పోస్తే ఎంత శుభ్రంగా ఉన్నదో అని వదిన మురిసిపోయింది. నాకేమో ఒళ్లు మండింది. మొక్కుకు పోయిన రోజే ఖరాబు చేస్తివి, ఒక్క రోజు ఆగితే ఏం పోయేది అని ఆమె మీద నోరు పారేసుకున్నాను. ఆమె తల వంచుకుని, పారబోద్దామా అంది. పేడ అంత దూరం నుంచి తెచ్చాం కదా, పారబోయడానికి మనసు రాలేదు.

తొలివానలకు మక్క పెట్టాం. గింజలకు నల్లపొడి పట్టించి, మొదటి డ్రమ్ము నీళ్లు సాలు సాలుకూ పోసుకుంటూ వచ్చాం. చివర బావి వైపు పదకొండు సాళ్లు మిగిలాయి. అక్కడ గతిలేక కంపుకొట్టే నీళ్లు పోశాం. పోస్తున్నంతసేపూ వదిన అటు తిరిగి, ఎవరికో తప్పు ఒప్పుకుంటున్నట్టు ఏదో గొణుక్కుంది.

ఆ తర్వాత పదిహేను రోజులకొకసారి డ్రమ్ము నింపాం, అన్నిసార్లూ నల్లా నీళ్లతోనే. కంపు నీళ్లు పడ్డ సాళ్లకు మాత్రం దాన్ని పోసి దండగ చెయ్యలేదు. యూరియా సంగతి అంటారా, అధికారిణి సగం తగ్గించమంది, నేను మొత్తమే ఆపేశాను. సగం నమ్మి సగం నమ్మకపోవడం నా వల్ల కాదు. ప్రాణమున్నవి పనిచేస్తుంటే మధ్యలో విషం ఎందుకు చల్లాలని ఊళ్లో ఉపన్యాసాలు కూడా ఇచ్చాను. చాయ్ హోటల్ దగ్గర నన్ను చూసి, అగో సారు అచ్చిండు అని ఆటపట్టించేవాళ్లు. నవ్వుకోండి, దసరాకు మా అన్న వచ్చాక చూడండి అనేవాణ్ని.

మోకాలెత్తు వచ్చేసరికి చేను పసుపు పచ్చగా మారింది. కింది ఆకులు కొసల నుంచి ఈనె వెంబడి ఎండుతూ లోపలికి వచ్చాయి. కాండం వేలంత లావు కూడా లేదు. రోజూ పొద్దున నీళ్లు వదిలి పరుగెత్తుకుని పోయి చూసేవాణ్ని, రోజూ ఇంకాస్త పాలిపోయి కనబడేది. అన్నం సయించేది కాదు. అప్పుడు వదిన ఒక్క బస్తా యూరియా చల్లుదాం, పంట చేతిలోంచి పోతుందని బతిమిలాడింది. నేను వినలేదు. ఇప్పుడు చల్లితే ఇన్నాళ్లు చేసినదంతా మట్టిపాలేనని కసిరాను. మరుసటి రోజూ అడిగింది, మరుసటి రోజూ కసిరాను. మూడో రోజు అడగడం మానేసింది. ఆమె ఇంకొక్కసారి అడిగి ఉంటే బాగుండేదని ఈరోజుకీ అనుకుంటాను, నా బుద్ధికి ఇంకొకరిని బాధ్యులను చేయడం కాకపోతే.

కానీ బావి వైపు పదకొండు సాళ్లు నల్లగా, ఏపుగా నిలబడ్డాయి. ఆకు చెయ్యంత వెడల్పు. పక్క చేనువాళ్లు చూసి, అది బావి ఊట తడి అన్నారు. వదిన అంజన్న చలవ అంది. నేనూ అదే నమ్మాను. మొక్కుకు పోయిన రోజు నింపిన నీళ్లు కదా మరి.

మక్క పూతకొచ్చి జల్లు వేసే రోజుల్లో అన్న వీడియో కాల్ చేశాడు. కంపెనీ వాళ్లు ఈ వారంలో ఏదో ఒకటి తేల్చమంటున్నారట. చేను చూపించమన్నాడు. నేను ఫోను పట్టుకుని తిన్నగా బావి దగ్గరికి నడిచాను. మొబైల్‌ను ఆ పదకొండు సాళ్ల మీదనే తిప్పాను. దగ్గరగా పెట్టి ఆకు చూపించాను, కాండం చూపించాను. నా భుజం వెనక ఎండిపోతున్న చేనంతా ఉంది.

అన్న ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత, "ఆకు నల్లగున్నది తమ్మీ" అన్నాడు. "అయితే నేను ఇగ ఉండనని చెప్త ఈళ్లకు."

సరే అన్నాను. ఎంత సిగ్గులేని మనిషిని కాకపోతే సరే అంటాను! కాల్ అయిపోయాక తిరిగి చూస్తే గట్టు మీద వదిన నిలబడి ఉంది. కల్లు తాగిన మత్తులో ఉన్నవాణ్ని చూసినట్టు చూసి, "మిగిలింది గూడ చూపియ్యకపోతివి?" అంది. గొంతు పెంచలేదు. గడ్డిమోపు నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

తెల్లారి వాల్వు తిప్పేసి, రెండు వైపుల మొక్కలూ వేర్లతో పీకి సంచిలో పెట్టుకుని, డ్రమ్ములోంచి ఒక సీసాడు నీళ్లు పట్టుకుని జగిత్యాల బస్సెక్కాను. దారి పొడుగునా ఎవరెవరిని తిట్టాలో వరసగా అనుకుంటూ పోయాను. పాత సరుకు అంటగట్టిన దుకాణంవాణ్ని తిట్టాలి. మీటింగులో తియ్యగా చెప్పి పంపిన అధికారిణిని ఆమె ఆఫీసులోనే నిలదియ్యాలి. మా అన్న బతుకు దీనిమీద ఆధారపడి ఉందని అందరి ముందూ అడగాలి.

అధికారిణి నా అరుపులు అయ్యేదాకా ఆగింది. తర్వాత సీసా మూత తీసి వాసన చూసింది. మళ్లీ చూసింది.

"దీంట్ల ప్రాణమే లేదు. ఏ నీళ్లు పోసిన్రు?"

"మంచినీళ్లే మేడం. నల్లా నీళ్లు. బాయి నీళ్లు ముట్టలే."

"మీ ఊళ్లె నల్లాల బ్లీచింగ్ కలుపుతరా?"

"కలుపుతరు."

"ఎవరు కలుపుతరు?"

ట్యాంకు నిచ్చెన, బకెట్టు, వానాకాలమని నేను ఎక్కువ వేసే ఆ గుప్పెడు, అన్నీ ఒక్కసారే కళ్ల ముందుకొచ్చాయి.

"నేనే" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. విరేచనాలు పుట్టించే పురుగును చంపేది దీన్ని మాత్రం వదిలిపెడుతుందా అని మెల్లగా చెప్పింది. అందులోనూ ట్యాంకులో వేసిన వెంటనే పట్టిన మొదటి ధార. ఎక్కడైనా కొంచెం బాగున్నదా అని అడిగింది. సంచిలోంచి బావి వైపు మొక్క తీసి చూపించాను. దాని వేర్లు గుబురుగా, మట్టిని వదలకుండా పట్టుకుని ఉన్నాయి. రెండోదాని వేర్లు చీపురుపుల్లల్లా రాలిపడ్డాయి. నురగ, కంపు వచ్చాయా అని అడిగితే వచ్చాయన్నాను. అదే బతికున్న గుర్తు అంది. యూరియా సగానికి తగ్గించారు కదా అని అడిగింది. మొత్తం ఆపేశానని చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టింది. ఇప్పుడు చల్లితే ఏమైనా లేస్తుందా అంటే, కంకి సమయం దాటిపోయిందని చెప్పింది.

తిరుగు బస్సులో నాకు నాయన గుర్తొచ్చాడు. పులవని కల్లు కావాలని ఎవరైనా చెప్పి పెట్టుకుంటే, లొట్టి లోపల సున్నం పూసి చెట్టుకు కట్టేవాడు. సున్నం పూసిన లొట్టిలో కల్లు పులవదు. పులిసేదాన్ని ఏది చంపుతుందో చెడ్డీ వేసుకున్న వయసు నుంచీ నాకు తెలుసు. కల్లు పులిసే వాసనతోనే పెరిగాను. అటువంటి ఇంట్లో పుట్టి, నురగ కక్కే డ్రమ్మును చూసి ఖరాబైందన్నాను. చచ్చిన నీళ్లను చూసి శుభ్రంగా ఉన్నాయని నమ్మాను. కొండగట్టుకు పోయి నేను చేసిన మేలు అంతా ఒక్కటే, ఆ రెండు రోజులు ట్యాంకు దగ్గర లేకపోవడం. కిటికీ ఊచ మీద తల పెట్టుకుని ఏడ్చాను. పక్క సీటులో ఉన్న ముసలామె, ఎవరన్నా పోయిన్రా బిడ్డా అని అడిగింది. లేదమ్మా అన్నాను.

ఇంటికి పోయి ఉన్నది ఉన్నట్టు వదినకు చెప్పాను. ఆమె విని, చేతిలో చెంబు కింద పెట్టింది. బావి నీళ్లు పోసినందుకు నేను తిట్టిన తిట్లు ఆమెకు గుర్తొచ్చే ఉంటాయి. ఒక్కటీ పైకి అనలేదు. ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది.

అన్న ఎత్తగానే చెప్పాను. "అన్నా, సంతకం పెట్టు."

ఎందుకో కూడా నేనే చెప్పాను. చేనంతా పోయిందన్నాను, నీకు చూపించింది ఒక మూల మాత్రమే అన్నాను, చంపింది నేనే అన్నాను. ఇక ఉండనని కంపెనీకి చెప్పేశావా అని అడిగాను. రేపు చెప్దామనుకున్నానన్నాడు. ఒక్క రోజు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో!

"నువ్వు చూపిచ్చినయి ఎన్ని సాళ్లు?" అన్నాడు.

"పదకొండు."

"మనయేనా, పక్క చేన్లయా?"

"మనయే అన్నా."

"అయితే భూమి బతికే ఉన్నది" అన్నాడు. కోడు పట్టుకుని లేచే చప్పుడు వినబడింది. పళ్ల మధ్య నుంచి ఊపిరి పీల్చుకున్నది కూడా వినబడింది. "మీ వదినెకియ్యి ఫోను."

వదిన ఫోను తీసుకుని పెరట్లోకి పోయింది. వాళ్లు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. అన్న మర్నాడు సంతకం పెట్టాడు.

దసరాకు మా ఇంటికి ఎవరూ రాలేదు. మక్క కోస్తే పెద్ద కుప్ప అంతా గింజ నిండని బెండ్లే, గింజలు పళ్లూడిన నోరులా అక్కడక్కడా ఉన్నాయి. పదకొండు సాళ్ల కంకులను వదిన వేరే కుప్ప పోసింది. మంచె మీద విడిగా ఆరబెట్టింది. ఎవరైనా చెయ్యి వేస్తే ఊరుకోలేదు.

చలికాలపు యాసంగి పంటకు దుక్కి దున్నిన మర్నాడు పొద్దున ట్యాంకు దిగి ఇంటికొచ్చేసరికి వాకిట్లో డ్రమ్ము లేదు. పొలానికి పోయి చూస్తే వదిన దాన్ని దొర్లించుకుంటూ ఒక్కతే బావి గట్టుకు చేర్చింది. చందుర్తి నుంచి తెచ్చిన డబ్బాలు పక్కన ఉన్నాయి. నేను బిందె అందుకోబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"రెండేండ్లంటే నాలుగు పంటలు" అంది. "ఈ నాలుగిటికి నీళ్లు నేనే తోడుత. నీ చేతులకు ఇంక గా వాసన పోలే. నువ్వు డ్రమ్ము దిక్కు రాకు."

నేను చేతులు వాసన చూసుకున్నాను. నిజమే. ఇప్పటికీ రోజూ ట్యాంకు ఎక్కుతున్నాను, ఊరు తాగాలి కదా. ఎక్కి దిగి పొలానికి పోయి, వదిన ఒక్కో బిందె తోడి పోస్తుంటే గట్టు మీదే నిలబడుతున్నాను.